బరంపురం పరిసరాల్లో ఆదివారాలు సేవకు వెచ్చించాలంటే సొంత సంస్థ పెట్టాలా, ఉన్నవాటిలో చేరాలా?

మీ ప్రశ్న సారాంశం నాకు అర్థమైనంతవరకు ఇది. మీది పర్లాకిమిడి. బరంపురంలో ఒక ప్రైవేటు సంస్థలో అకౌంట్సు విభాగంలో పనిచేస్తున్నారు. ఒడియా ధారాళంగా మాట్లాడతారు గాని చదవడం కాస్త నెమ్మది. ఆదివారాలు ఖాళీ. మీరూ మరో నలుగురు స్నేహితులూ కలిసి ఒక సొసైటీని రిజిస్టరు చేయించి సేవా కార్యక్రమాలు మొదలుపెట్టాలనుకుంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి, ఏ పని ఎంచుకోవాలి, చేసిన పనికి ధ్రువపత్రం వంటిదేమైనా ఇస్తారా అన్నవి మీ సందేహాలు.

సూటిగా చెబుతాను. సొసైటీ ఆలోచనను కనీసం ఒక ఏడాది పక్కన పెట్టండి. ఇప్పటికే నడుస్తున్న ఏదో ఒక పనిలో, మరొకరి అజమాయిషీ కింద, నెలకు రెండు ఆదివారాలు, ఒకే చోటికి, ఒకే వేళకు తప్పకుండా వచ్చే మనిషిగా చేరండి. పనిని ఎంచుకునేటప్పుడు మీకేది ఇష్టమన్నది కాక, మీ చేతిలో ఉండి చుట్టుపక్కలవారి దగ్గర కొరతగా ఉన్నదేమిటో చూడండి. అటువంటివి మీకు రెండున్నాయి: తెలుగు, ఒడియా రెండూ నోటికి రావడం ఒకటి, లెక్కలు రాయగలగడం మరొకటి. గంజాం, గజపతి జిల్లాల్లో ఈ రెంటికీ ఉన్న అవసరం పులిహోర పొట్లాలు పంచేవారికి లేదు. ఉపాధ్యాయుడిగా ఉన్న కాలంలోనూ, పదవీ విరమణ తరువాతా ఈ ప్రాంతంలోనే ఇటువంటి పనుల్లో ఉన్నవాడిని గనుక కాస్త వివరంగా రాస్తున్నాను.

సొసైటీ ఎందుకు వద్దంటున్నానో ముందు చెప్పాలి. 1860 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం కనీసం ఏడుగురు సభ్యులుండాలి. మీరు అయిదుగురు. మిగిలిన ఇద్దరి కోసం బావమరిదినీ, మేనమామనూ చేర్చుకోవడంతో కథ మొదలవుతుంది. రిజిస్ట్రేషన్ అయ్యాక ఏటా కార్యవర్గం జాబితా దాఖలు చేయాలి, సమావేశాల మినిట్స్ రాయాలి, పాన్ కార్డు, బ్యాంకు ఖాతా, ఆడిట్ చూసుకోవాలి. దాతలకు ఆదాయపు పన్ను రాయితీ కావాలంటే ఆదాయపు పన్ను శాఖ దగ్గర నమోదులు వేరు. విదేశాల్లో ఉన్న మీ ఊరివారు డబ్బు పంపుతామంటే విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద అనుమతి లేనిదే ఒక్క రూపాయి కూడా పుచ్చుకోకూడదు. ఇవన్నీ మీకు కష్టమైన పనులని కాదు, మీ వృత్తే అది గదా. కానీ సేవకని అట్టేపెట్టుకున్న ఆదివారాలన్నీ ఈ కాగితాలకే చెల్లిపోతాయి. మనవాళ్ల ఆరంభశూరత్వం మీద ఉన్న సామెతకు ఈ ప్రాంతంలో సాక్ష్యాలు కోకొల్లలు. లెటర్‌హెడ్డూ, రబ్బరు ముద్రా, బ్యానరూ మిగిలి, పని మాత్రం మిగలని సంఘాలను చాలా చూశాను. ఏడాదిపాటు మరొకరి దగ్గర పనిచేసిన తరువాత కూడా సొంత సంస్థ అవసరమని తోస్తే అప్పుడు నిశ్చింతగా పెట్టండి. అప్పటికి ఏ పనికి పెట్టాలో కూడా తెలిసి ఉంటుంది.

ఇక పనుల సంగతి. మీకు అన్నిటికంటే తగినది కాగితాల పని, అంటే దరఖాస్తులు నింపడం, వచ్చిన ఉత్తరం చదివి చెప్పడం, ఏ ఆఫీసులో ఎవరిని కలవాలో చెప్పి అవసరమైతే తోడు వెళ్లడం. గోపాలపూర్, ఆర్యపల్లి వైపు తీరం వెంబడి ఉన్న జాలరి పల్లెల్లో ఇళ్లలో మాట్లాడేది తెలుగు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడి గంజాం మద్రాసు రాజధాని నుంచి విడివడిన నాటి నుంచీ కచేరీ కాగితం ఒడియాలోకి మారుతూ వచ్చింది. బడికి వెళ్లిన పిల్లలకు ఒడియా చదవడం వస్తుంది గాని, పింఛను కోసం తిరిగే అవ్వకు రాదు. ఆ పిల్లలు కూడా పని వెతుక్కుంటూ దూరాలకు పోయి ఉంటారు.

ఈ పనిలో ఎదురయ్యే చిక్కుల్లో ముప్పాతిక వంతు పేర్లతోనే. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది, దాన్ని పొడి అక్షరంగా కుదించి రాసుకునే అలవాటూ ఉంది. ఒడియావారికి ఇంటిపేరు చివర వస్తుంది, దాన్ని పూర్తిగా రాస్తారు. కె. లక్ష్మమ్మ అనే ఆవిడ ఉందనుకోండి. ఆధార్ కార్డులో కె. లక్ష్మమ్మ అని, బ్యాంకు పాసుపుస్తకంలో ఇంటిపేరు చివరికి వెళ్లి లక్ష్మమ్మ కోరాడ అని, రేషను కార్డులో ‘అమ్మ’నే ఇంటిపేరుగా భావించి లక్ష్మి అమ్మ అని, ఓటరు జాబితాలో వట్టి లక్ష్మి అని ఉంటుంది. మగవారికైతే ‘రావు’తో ఇదే తంటా. మనిషి ఒక్కరే, కంప్యూటరుకు మాత్రం నలుగురు. వితంతు పింఛను గాని, వృద్ధాప్య పింఛను గాని ఇక్కడే ఆగిపోతుంది. చూసేవారికి గుమాస్తా లంచం కోసం ఆపాడనిపిస్తుంది గాని చాలాసార్లు కారణం ఇదే.

నేను అనుసరించే పద్ధతి చెబుతాను. ముందుగా ఆమె దగ్గరున్న కాగితాలన్నీ చాప మీద పరిపించి, ప్రతిదానిలో పేరు, తండ్రి లేక భర్త పేరు, పుట్టిన తేదీ ఎలా ఉన్నాయో ఒక తెల్ల కాగితం మీద గడులు గీసి రాస్తాను. వాటిలో ఏ పత్రాన్ని మార్చడం అన్నిటికంటే కష్టమో దానిలోని వర్ణక్రమాన్ని ప్రమాణంగా పెట్టుకొని, మిగిలినవాటిని ఒకటొకటిగా దానికి సరిచేయిస్తాం. ఇందుకు ఒక్క ఆదివారం చాలదు, పైగా ఆఫీసులు ఆదివారం ఉండవు. అందువల్ల ఆదివారం మీరు కాగితం సిద్ధం చేస్తారు, వారపు రోజుల్లో ఆమెతో వెళ్లడానికి వార్డు మెంబరునో, అంగన్‌వాడీ దీదీనో ఒప్పిస్తారు. ఈ రెండో సగం లేకపోతే మొదటి సగం వృథా.

దీనిలో కొన్ని కట్టుబాట్లు తప్పవు. అసలు పత్రాలను ఒక్క పూట కూడా ఇంటికి తెచ్చుకోకూడదు. ఫోనుకు వచ్చే ఓటీపీని వారిచేతనే కొట్టించాలి. మీరు చూడకపోతే మరీ మంచిది. వేలిముద్ర వేయించే ముందు అది దేనికో తెలుగులో చెప్పి, మళ్లీ వారిచేత చెప్పించుకోవాలి. ‘మీకు పింఛను వచ్చేలా చేస్తాను’ అన్న మాట నోట రాకూడదు, దరఖాస్తు సక్రమంగా చేరేలా చూస్తానన్నంతవరకే మన హద్దు. కృతజ్ఞతగా ఎండుచేపలు కట్టి ఇస్తారు. మొదటిసారి పుచ్చుకుంటే రెండోసారి అది ధరగా మారుతుంది గనుక, ఎంత మొహమాటమైనా నేను పుచ్చుకోను. ఇక్కడ నాతో విభేదించేవారు ఉన్నారు.

మీ రెండో బలం లెక్కలు. ఒడిశాలో మహిళా బృందాల కోసం ప్రభుత్వ పథకం మిషన్ శక్తి 2001 మార్చి 8న మొదలైంది. మహిళా స్వయం సహాయక బృందం లేని పల్లె ఇప్పుడు దాదాపుగా లేదు. ఈ బృందాలకు అయిదు సూత్రాలు చెబుతారు: క్రమంగా సమావేశం కావడం, పొదుపు చేయడం, లోపలి అప్పులివ్వడం, సకాలంలో తిరిగి కట్టడం, పుస్తకాలు సరిగా రాయడం. మొదటి నాలుగింటినీ ఆ స్త్రీలు మనకంటే బాగా చేస్తారు. అయిదోదే బృందాలను చీలుస్తుంది. పది, పన్నెండు మంది ఉన్న బృందంలో చదువుకున్న అమ్మాయి ఒకతే ఉంటుంది, ఆమె పెళ్లై వెళ్లిపోగానే పుస్తకం ఆగిపోతుంది.

నేను చూసిన ఒక లెడ్జరులో ఒకామె ప్రతి నెలా అసలూ వడ్డీ కలిపి కట్టిన మొత్తాన్నంతా అసలు గడిలోనే జమ వేస్తూ పోయారు. కాగితం మీద ఆమె అప్పు తీరిపోయింది, పెట్టెలో డబ్బు మాత్రం అంతకు సరిపోలేదు. ఏడాది చివర పంపకాల నాడు అందరి చూపూ పెట్టె తాళం ఎవరి దగ్గర ఉందో ఆవిడ మీదికి మళ్లింది. పాత నెలలు తిరగేసి అసలు, వడ్డీ విడదీసి రాసేసరికి లెక్క పైసలతో సహా కుదిరింది. మీరు అర్ధగంటలో పట్టుకోగలిగిన తప్పు అది. అయితే వారి పుస్తకాన్ని మీరు రాయవద్దు. ఇద్దరికి నేర్పి పక్కన కూర్చోండి. మీరు రాసిపెట్టడం మొదలుపెడితే, మీకు వేరే ఊరికి బదిలీ అయిన నెలలోనే పుస్తకం మళ్లీ ఆగిపోతుంది. అక్షరాలు చదవడం నెమ్మదన్నారు గదా, ఆ లెడ్జరు పక్కన కూర్చుంటే ఒడియా చదవడం కూడా మీకు తొందరగానే వస్తుంది.

ఆసుపత్రి పని కూడా మీ రెండు భాషలకు తగినదే. బరంపురంలో 1962లో మొదలైన ఎం.కె.సి.జి. వైద్య కళాశాల ఆసుపత్రికి దక్షిణ ఒడిశా నుంచే కాక ఇచ్ఛాపురం వైపు నుంచి కూడా రోగులు వస్తారు. ఏ పెద్ద ఆసుపత్రిలోనైనా చీటీ ఎక్కడ రాయించాలి, రక్తం ఎక్కడ ఇవ్వాలి, రిపోర్టు ఏ కిటికీ దగ్గర తీసుకోవాలి అన్నవాటితోనే సగం పూట గడిచిపోతుంది. మందుల చీటీ మీద 1-0-1 అని రాసి ఉంటే పొద్దున ఒకటి, మధ్యాహ్నం వద్దు, రాత్రి ఒకటి అని అర్థం. దీన్ని చెప్పేవారు లేక మూడు పూటలా వేసుకున్నవారూ ఉన్నారు, మానేసినవారూ ఉన్నారు. మందు పట్టీ వెనుక స్కెచ్ పెన్నుతో సూర్యుడినీ, చంద్రుడినీ గీసి ఇవ్వడం మా సహచరురాలొకరి ఉపాయం. ఏ లిపీ రానివారికి కూడా అది పనికివస్తుంది. ఇక్కడి హద్దులు మరింత గట్టివి: ఆసుపత్రి అధికారుల నుంచి రాతపూర్వక అనుమతి లేకుండా వార్డుల్లో తిరగకూడదు, డాక్టరు రాయని మాట ఒక్కటి కూడా మన నోటి నుంచి కలపకూడదు, ఏ ప్రైవేటు నర్సింగ్ హోమ్ పేరూ, ల్యాబు పేరూ చెప్పకూడదు. దళారులు కూడా సహాయకుల వేషంలోనే వస్తారు గనుక సిబ్బంది మిమ్మల్ని మొదట అనుమానంగా చూడడం సహజం, దానికి నొచ్చుకోకండి.

రక్తదానం గురించి మీరు అడగలేదు గాని, ఆదివారం మొత్తం ఇవ్వలేని మీ స్నేహితులకు అది చెప్పండి. 18 నుంచి 65 ఏళ్ల లోపు వయసు, కనీసం 45 కిలోల బరువు, డెసిలీటరు రక్తానికి 12.5 గ్రాముల హిమోగ్లోబిన్ ఉండాలి. మగవారు మూడు నెలలకొకసారి, ఆడవారు నాలుగు నెలలకొకసారి ఇవ్వవచ్చు. మన ఏజెన్సీ ప్రాంతాల్లో మలేరియా తగ్గినా పోలేదు. అది వచ్చినవారు పూర్తిగా కోలుకున్న తరువాత మూడు నెలలు ఆగాలి. సికిల్ సెల్, తలసీమియా అనే రక్తవ్యాధులున్న పిల్లలకు రక్తం మళ్లీ మళ్లీ కావాలి. జాతీయ నాయకుల జయంతులకు శిబిరాల్లో అందరూ ఒకే రోజు ఇస్తారు, కాలేజీలకు సెలవులిచ్చే మే నెలలో ఇచ్చేవారుండరు. అందుకని మీ అయిదుగురూ ఒకే రోజు కాకుండా, నెలకొకరు చొప్పున వంతులు వేసుకొని వెళ్లండి.

తుపానుల విషయం వేరుగా రాయాలి, ఎందుకంటే మన ప్రాంతంలో యువకులు సేవలోకి వచ్చేది ఎక్కువగా ఆ తలుపు గుండానే. 1999 నాటి పెనుతుపాను తరువాత 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాలపూర్ దగ్గరే తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస వైపు తీరం దాటినా, దాని వానకు గజపతి జిల్లాలో కొండచరియలు విరిగిపడి ప్రాణాలు పోయాయి. మీ జిల్లా గనుక మీకే బాగా గుర్తుండాలి. అప్పుడు జరిగింది చెబుతాను. సరుకుల వాహనాలు తారు రోడ్డు ఎక్కడ ఆగితే అక్కడే ఆగాయి. రోడ్డు పక్క ఊళ్లకు బియ్యం, బిస్కెట్లు రెండు మూడు సార్లు అందాయి, పై ఊళ్లవారు కాలిబాటన దిగి వచ్చేసరికి బళ్లు ఖాళీ. పాత బట్టల మూటలైతే బడి వరండాల్లో నానుతూ పడి ఉన్నాయి. ఆ సమయంలో కావలసినవి టార్పాలిన్లు, కొవ్వొత్తులు, ఓఆర్ఎస్ పొట్లాలు, శానిటరీ ప్యాడ్లు, ఫోను ఛార్జి చేసుకునే ఏర్పాటు. వీటిని మూటగట్టి పంపేవారు తక్కువ.

కాబట్టి తుపాను వచ్చాక బండి కట్టుకొని బయలుదేరవద్దు, రాకముందే పేరు నమోదు చేయించుకోండి. తీరంలోని తుపాను ఆశ్రయ కేంద్రాలకు స్థానికుల నిర్వహణ కమిటీలుంటాయి. గాలింపు, ప్రథమ చికిత్స, ఆశ్రయ నిర్వహణ అంటూ వాటిలో దళాలుంటాయి. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ ‘ఆపద మిత్ర’ పథకంలో 18 నుంచి 40 ఏళ్లవారికి 12 రోజుల శిక్షణ ఇస్తూ వచ్చారు, ఇప్పుడు ఇస్తున్నారేమో కనుక్కోండి. ఒక పల్లె సిద్ధంగా ఉండడమంటే ఎలాగో చూడాలంటే గంజాం తీరంలోని వెంకటరాయపురం వెళ్లి చూడండి. 2020లో సునామీకి సంసిద్ధమైన గ్రామంగా యునెస్కో గుర్తింపు పొందిన మన దేశపు తొలి రెండు పల్లెల్లో అదొకటి. ఎటు పరుగెత్తాలో, ముసలివారిని ఎవరు మోయాలో ముందే అనుకొని, మాక్ డ్రిల్ చేసి చూసుకోవడమే అందులోని విశేషం. ఆ డ్రిల్లుకు మనుషులు కావాలి. ఎవరూ ఫొటో తీయని ఆ పని మీలాంటివారికి మంచి ప్రవేశం.

ఋషికుల్య ముఖద్వారం దగ్గర తాబేళ్ల పని చాలామందికి ఆకర్షణ. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆలివ్ రిడ్లీలు గుడ్లు పెడతాయి, సుమారు నెలన్నర తరువాత పిల్లలు బయటికి వచ్చి, వెలుతురు ఎటుంటే అటు పాకుతాయి. కరెంటు దీపాల వైపు పోయినవాటిని కాపాడడానికి పురుణబంధ, పోడంపేట వైపు స్థానిక యువకులు అటవీ శాఖతో కలిసి రాత్రులు కాపలా ఉంటారు. వెళ్లండి గాని వారు చెప్పినట్టు నడుచుకోండి. చట్టం అత్యున్నత రక్షణ ఇచ్చిన ప్రాణి అది, అనుమతి లేకుండా చేతిలోకి తీసుకొని సెల్ఫీ దిగడం నేరం కిందికి వస్తుంది. సోమవారం పొద్దున్నే డ్యూటీ ఉన్నవారికి ఈ రాత్రి పని కుదరదని నా అభిప్రాయం.

పిల్లలకు పాఠాలు చెప్పాలన్న కోరిక మీకు ఉందో లేదో తెలియదు, మీ స్నేహితుల్లో ఒకరికైనా ఉంటుంది. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా ఉన్న పిల్లలకు లెక్కల ప్రశ్నను తెలుగులో ఒకసారి చెబితే చాలు, లెక్క వారే చేస్తారు. కాని పిల్లలతో పని అంటే ప్రధానోపాధ్యాయుల అనుమతి, తలుపులు తెరిచి ఉన్న గది, ఎప్పుడూ ఇద్దరు పెద్దలు ఉండడం తప్పనిసరి. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిసినవారు పోలీసులకు చెప్పి తీరాలి, స్వచ్ఛంద కార్యకర్తకూ మినహాయింపు లేదు. నెల రోజులు చెప్పి మానేసేవారు అసలు మొదలుపెట్టకపోవడమే మేలు.

కొండ ఊళ్లకు వెళ్లాలనుకుంటే ఒక్క మాట. మీ ఊరి బడిలోనే పంతులుగా ఉన్న గిడుగు రామమూర్తి గారు సవర గిరిజనుల కోసం బడులు పెట్టించేముందు వారి భాష నేర్చుకున్నారు. సవర ఊళ్లో మీ తెలుగూ, మీ ఒడియా రెండూ పట్నం భాషలే. ఆశా దీదీనో, ఆ ఊరి చదువుకున్న కుర్రవాడినో ముందు పెట్టుకొని, మీరు వెనక నడవండి.

ఏ సంస్థలో చేరాలన్నది ఎలా తేల్చుకోవాలంటే, అకౌంట్సు మనిషిగా నేరుగా కిందటేడాది ఆడిట్ నివేదిక చూపమనండి. చిన్న సంస్థలు లేదంటే తప్పు పట్టను, రశీదు పుస్తకమైనా చూపాలి. చూపడానికి మొహం చాటేస్తే మర్యాదగా తప్పుకోండి. రెండోది, కార్యక్రమం లేని మామూలు రోజున చెప్పకుండా వెళ్లి చూడండి. సాయం పుచ్చుకున్నవారి ముఖాలతో ఫొటోలు ఎక్కువగా పెట్టే చోటు నాకు పడదు. మీ ఊరివారు, రేపు బజారులో మీకెదురుపడేవారు వాళ్లు.

ధ్రువపత్రం గురించి అడిగారు. కాలేజీ విద్యార్థులకు జాతీయ సేవా పథకం ఎన్ఎస్ఎస్‌లో రెండేళ్లలో 240 గంటలూ, ఒక ప్రత్యేక శిబిరమూ పూర్తిచేస్తే ఇస్తారు, అది మీకు వర్తించదు. ఆపద మిత్ర శిక్షణకూ, రెడ్‌క్రాస్ ప్రథమ చికిత్స శిక్షణకూ ధ్రువపత్రాలుంటాయి. మిగతాచోట్ల ఒక ఉత్తరం రాయించుకోవచ్చు గాని ఆరు నెలలు పనిచేశాక అడగండి, మొదటి వారంలోనే అడిగినవారికి మరుసటి వారం నుంచి పని చెప్పరు. బస్సు చార్జీలు మాత్రం మీ జేబులోంచే పెట్టుకోవాలి, నెలకు ఇంత అని ముందే విడిగా తీసి ఉంచుకోండి. మీరు ఉంటున్నది గోపాలపూర్ రోడ్డు వైపో, స్టేషను వైపో రాస్తే, దగ్గరలో ఏ బృందానికి లెక్కల మనిషి కావాలో కనుక్కొని చెబుతాను.